పక్కింటి ఐదుగురు పిల్లల తల్లి, నాలుగు రోజుల డైరీ

ప్రశ్న: అక్కా, మేం అమెరికాలో ఉటా రాష్ట్రంలోని లీహైకి వచ్చి ఏడాదిన్నర అయింది. మావారిది సాఫ్ట్‌వేర్, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్‌4 వీసా, ఉద్యోగం లేదు. పాపకు ఆరేళ్లు, బాబుకు రెండేళ్లు. పక్కింటావిడ మోర్మన్, అదొక క్రైస్తవ శాఖ. ఐదుగురు పిల్లలు. రొట్టె ఇంట్లోనే చేస్తుంది. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని పాటలు పాడుకుంటారు. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి విషయాలు పిల్లల చేత చెప్పిస్తుంది. ఇన్ని పనుల మధ్య నెలకు మూడు నాలుగు నవలలు చదువుతుంది! పెళ్లికి ముందు నేనూ తెగ చదివేదాన్ని. ఇక్కడికి వచ్చాక ఒక్క పుస్తకమూ పూర్తి చేయలేదు. ఆమెను చూసి కృతజ్ఞతల డైరీ ఒకటి కొన్నాను. నాలుగు రోజులు రాశాను. ఐదో రోజు పెన్ను పట్టుకోగానే ఏడుపొచ్చింది. లోపం నాలోనే ఉందా? ఇంకో సంగతి. మా ఇంటికి వస్తే టీ ఇచ్చాను, ముట్టుకోలేదు. చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు సోమవారం మమ్మల్ని రమ్మని పిలుస్తోంది. వెళ్తే మతం మార్చేస్తారని అత్తయ్య భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, లీహై

జవాబు: నన్ను అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను. ఉటాలో పదకొండేళ్లు కాపురం చేసి వచ్చినదాన్ని. ప్రోవోలో నాలుగేళ్లు, శాండీలో ఏడేళ్లు. రెండు చోట్లా మా వీధిలో ముప్పాతిక మంది ఆ చర్చి వాళ్లే. నువ్వు రాసిన పక్కింటావిడ నాకు తెలిసినట్టే అనిపించింది, ఆ రొట్టె వాసనతో సహా.

ముందు టీ సంగతి తేల్చేద్దాం. ఆమె తాగకపోవడం నిన్ను చిన్నచూపు చూడటం కాదు. వాళ్లకు 1833 నాటి ఆహార నియమం ఒకటి ఉంది, జ్ఞానవాక్యం అంటారు. మద్యం, పొగాకు, కాఫీ, టీ ముట్టరు. కార్తీక మాసంలో ఉల్లిపాయ మానేసిన మీ అత్తయ్యకు ఉల్లి వేసిన పప్పు వడ్డిస్తే వద్దంటారు కదా, నీ మీద కోపంతోనా? ఇదీ అంతే. శొంఠి కషాయం, పాలు, నిమ్మరసం ఏవైనా తాగుతారు. కోక్ అయితే లీటర్లకు లీటర్లు. కెఫీన్ మీద తమకు నిషేధం లేదని చర్చి 2012లో స్పష్టంగా చెప్పింది. మీ ఊళ్లో ఎక్కడ చూసినా కనబడే ఆ సోడా షాపులు, కోక్‌లో కొబ్బరి సిరప్పూ క్రీమూ కలిపి అమ్మేవి, మన టీ కొట్ల లాంటివే. పిల్లల్ని బడిలో దించిన తల్లులంతా అక్కడే కనిపిస్తారు.

ఇంకో చిన్న మాట. 'మోర్మన్' అనే పిలుపు వాళ్లు ఇప్పుడు అంతగా ఇష్టపడరు. 2018లో వాళ్ల అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ చర్చిని పూర్తి పేరుతోనే పిలవమని కోరారు. ఆ పేరు మన తెలుగులో 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. అంత పొడుగు పేరు వంటింటి గట్టు దగ్గర నోరు తిరగదు కానీ, 'మీ చర్చి' అంటే సరిపోతుంది. మీ ఊరి పేరు లీహై కూడా వాళ్ల గ్రంథంలోని ఒక ప్రవక్త పేరే.

ఇప్పుడు అసలు విషయం. ఆమె చేసేవన్నీ వరసగా రాశావు. రొట్టె, పాటలు, పిల్లల ముచ్చట్లు, నవలలు. వాటిలో ఎన్ని ఆమె ఒంటిచేత్తో చేస్తోందో మాత్రం రాయలేదు. గోడ ఇవతల నుంచి చూస్తే అది కనబడదు.

వాళ్లకు 'వార్డు' అని ఒకటి ఉంటుంది. చర్చికి కింది అంచె. ఇష్టమొచ్చిన చోటికి వెళ్లడం కాదు, ఏ వీధివాళ్లు ఏ వార్డో హద్దులు ఉంటాయి. ఉటాలో ఆ హద్దు నాలుగైదు వీధులు దాటదు. ఆ వార్డుకు బిషప్పు జీతం లేని మనిషి. వారమంతా పళ్ల డాక్టరుగానో ప్లంబరుగానో పనిచేసి, ఆదివారం బిషప్పు. ఆడవాళ్లకు 'ఉపశమన సమాజం' అని సొంత సంఘం ఉంది. 1842లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో మొదలైంది, మొదటి అధ్యక్షురాలు చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా స్మిత్. ఆ సంఘంలో ప్రతి ఒక్కరికీ యోగక్షేమాలు కనుక్కోవడానికి ఇద్దరు ఆడవాళ్లను అప్పగిస్తారు. అంటే మీ పక్కింటావిడకు జ్వరం వస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉంటారు. ఆదివారం చర్చిలో ఉండేది రెండు గంటలు. రెండో గంటలో పద్దెనిమిది నెలలు నిండిన పసివాళ్లను వేరే గదిలో ఆడిస్తారు. 2019కి ముందు మొత్తం మూడు గంటలు ఉండేది. ఒక గంట తగ్గించినప్పుడు మా వీధిలో పండగ వాతావరణం, భక్తి తగ్గిందని కాదు, పసిపిల్లల తల్లుల నడుములకు తెలుస్తుంది ఆ గంట విలువ.

నా రెండో కాన్పుకు నేను వాళ్ల సభ్యురాలిని కాకపోయినా వార్డులో కాగితం మీద పేర్లు రాసుకుని ఐదు రోజులు వంతులేసి భోజనం పంపారు. మొదటి రోజు వచ్చింది బంగాళదుంప, ఛీజ్ వేసి ఓవెన్‌లో కాల్చిన వంటకం. పేరేమిటని అడిగితే 'ఫ్యూనరల్ పొటేటోస్' అన్నారు, అంత్యక్రియల తర్వాత భోజనాల్లో పెడతారట. ఆ మాట నోరు జారి అమ్మతో ఫోన్లో అన్నాను. తెనాలి నుంచి శాండీ దాకా వినబడేలా అరిచింది, 'బాలింతకు చావు భోజనం పెట్టిందెవరే!' అని. ఆ వంటకం మాత్రం అద్భుతంగా ఉంది.

ఇక నీ వెనక ఎవరున్నారు? ఆఫీసు నుంచి అలసి వచ్చే భర్త. వాట్సాప్‌లో అమ్మ, అదీ చలికాలంలో పన్నెండున్నర గంటల తేడాతో. నువ్వు అలసిపోయే సమయానికి ఆవిడ అక్కడ నిద్రలేచి పాలు పొంగిస్తుంటుంది. కారు నడపడం వచ్చో రాదో రాయలేదు నువ్వు. రాకపోతే ఉటాలో ఆరు నెలల మంచు జైలుతో సమానం. అక్కడ ఇరవై చేతులు, ఇక్కడ రెండు. ఈ లెక్క వేసుకోకుండా లోపం ఎవరిలో ఉందని అడిగితే నేనేం చెప్పను?

పైగా ఆమె ఇంట్లో అంతా బంగారమే అనుకోకు. ఆదాయంలో పదో వంతు చర్చికి ఇవ్వాలి. ఇంటిపనులు కాక, వార్డు అప్పగించిన బాధ్యత ఏదో ఒకటి నెత్తిన ఉంటుంది. అన్నీ నిండుగా, నవ్వుతూ కనబడాలన్న ఒత్తిడి గురించి ఆ సంఘం ఆడవాళ్లే బాహాటంగా మాట్లాడుకుంటారు. సోమవారం సాయంత్రం గురించి వాళ్లలో వాళ్లకు ఒక పాత జోకు ఉంది: ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసే గొడవ అని. నీకు కిటికీలోంచి పాట వినిపించింది, కుకీ ముక్క కోసం జరిగిన యుద్ధం వినిపించలేదు.

డైరీ దగ్గరకు వస్తాను. నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అదే.

వాళ్ల పిల్లలకు మాటలు వచ్చీరాకముందే ప్రార్థన నేర్పుతారు. దానికో వరస ఉంది. ముందు పరలోకపు తండ్రిని పిలవాలి, తర్వాత కృతజ్ఞత చెప్పాలి, ఆ తర్వాతే ఏదైనా అడగాలి. మూడేళ్ల పిల్లాడు కూడా బొమ్మకారు అడిగే ముందు పొద్దున తిన్న పాన్‌కేక్‌కు థాంక్స్ చెప్పాల్సిందే. నెలలో మొదటి ఆదివారం ఒక్కపొద్దు. రెండు పూటలు మానేసి, మిగిలిన ఆ ఖర్చు పేదవాళ్లకు ఇస్తారు. ఆ రోజు సభలో ముందుగా అప్పగించిన ప్రసంగాలు ఉండవు. ఎవరైనా లేచి మైకు దగ్గరకు వెళ్లి తమ విశ్వాసం గురించీ, దేనికి కృతజ్ఞులమో చెప్పొచ్చు. చిన్నపిల్లలు స్టూలెక్కి చెప్తారు. కరోనా మంచి ఊపు మీదున్న 2020 నవంబరులో నెల్సన్ వీడియో పెట్టి, ఏడు రోజుల పాటు సోషల్ మీడియాను కృతజ్ఞతలతో నింపండని అడిగారు. అప్పటికి ఆయనకు 96 ఏళ్లు, పూర్వాశ్రమంలో గుండె శస్త్రచికిత్స నిపుణుడు. వారం రోజులు మా వీధి వాళ్ల ఫేస్‌బుక్ అంతా అదే.

అంటే నీ పక్కింటావిడకు అది పాలతో పాటు వచ్చిన భాష. నీకు నాలుగు రోజుల పాఠం.

నీ డైరీలో ఏం రాశావో నేను చూడకుండానే చెప్పగలను. పిల్లల ఆరోగ్యం. మంచి భర్త. సొంతిల్లు కాకపోయినా చక్కటి ఇల్లు. అమెరికా. అన్నీ పెద్దవి, అన్నీ నిజాలే. నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఐదో రోజుకి మిగిలింది నీ దిగులొక్కటే, దానికి ఆ డైరీలో చోటు లేదు. ఇంకా లోతుకు వెళ్తే, ఆ జాబితాలో ప్రతి వాక్యమూ నిన్ను ఒకే ప్రశ్న అడుగుతోంది: ఇన్ని ఉండగా నీకేం తక్కువ? మన ఇళ్లలో కళ్లు తుడుచుకుంటున్న ఆడపిల్లకు చెప్పే మాటే అది. ఇప్పటిదాకా పక్కవాళ్లు అనేవారు. నువ్వు నోటుబుక్కు కొని మరీ నీకు నువ్వే చెప్పుకున్నావు. ఏడుపు రాకేం చేస్తుంది?

పక్కింటి పిల్లలు రాత్రి ఏం చెప్తారో ఒకసారి విను. కుక్క నా చెయ్యి నాకింది. టీచరు నీలం రంగు నాకే ఇచ్చింది. ఇలా ఉంటాయి. జీవితాన్ని తూకం వేసే మాటలు కావవి, ఆ రోజు జరిగిన ముక్కలు. నువ్వూ అలా రాయొచ్చు. ఫిర్యాదులు కూడా రాయి. వాళ్లు చదివే బైబిల్లోని కీర్తనల్లో ఎన్నో మొరతోనే మొదలవుతాయి, ఎంతకాలం నన్ను మరిచిపోతావని దేవుణ్ణే నిలదీస్తాయి. నీ నోటుబుక్కు అంతకన్నా మడిగా ఉండక్కర్లేదు.

లారెల్ థాచర్ ఉల్‌రిచ్ అని ఒక చరిత్రకారిణి ఉన్నారు. ఇదే చర్చి సభ్యురాలు, ఐదుగురు పిల్లల తల్లి. ఇంటిపని చేసుకుంటూ మెల్లగా చదువుకుని నలభై దాటాక, 1980లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఆవిడ పట్టుకున్నది మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని డైరీ. అమెరికా ఈశాన్యంలోని మెయిన్ ప్రాంతంలో 1785 నుంచి 1812 వరకు ఆ మంత్రసాని రాసుకున్నదేమిటంటే వాతావరణం, ఎవరింట్లో కాన్పు, ఎన్ని గజాల బట్ట నేసింది, తోటలో ఏం నాటింది. అంతే. వంటింటి చిల్లర అని పాత చరిత్రకారులు పక్కన పెట్టేశారు. ఉల్‌రిచ్ ఆ చిల్లరనే ఏళ్లతరబడి చదివి ఒక కాలపు ఆడవాళ్ల బతుకంతా బయటకు లాగారు. దాని మీద ఆవిడ రాసిన పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 816 కాన్పులు లెక్క తేలాయి ఆ డైరీలో. ఇది నిన్ను చరిత్రకెక్కమని చెప్పడం లేదు. 'ఈ రోజు ఇడ్లీ పిండి పులవలేదు, బాబు రెండు గంటలు పడుకున్నాడు, మంచు' అని రాస్తే అదీ డైరీయే అంటున్నాను. అందులో కృతజ్ఞత ఎక్కడో ఉంటుంది, ఆ రెండు గంటల దగ్గర ఉండొచ్చు.

మనవాళ్లకు ఇంట్లో థాంక్స్ చెప్పడం అలవాటు లేదు, ధన్యవాదాలు అంటే వేదికెక్కినట్టు ఉంటుంది. కానీ విస్తరి ముందు నుంచి లేస్తూ 'అన్నదాతా సుఖీభవ' అనేవాడు మా తాతయ్య, వండిన మనిషికి వినబడేలా. నీ భాషలో నీకు తోచిన మాట వెతుక్కో. వాళ్ల డైరీ నమూనా నీకు అతకకపోతే అది నీ తప్పు కాదు.

చదువు సంగతి. ఇక్కడ మాత్రం పక్కింటావిడను నిర్మొహమాటంగా కాపీ కొట్టు.

వాళ్లలో చదవడాన్ని సోమరితనంగా చూడరు. ఉత్తమమైన పుస్తకాల్లో వివేకం వెతుక్కోమని 1832 నాటి వాళ్ల ప్రకటన ఒకటి ఉంది. నవలలు చదివేవాళ్లంతా దాన్ని తమకు అనుకూలంగా వాడుకుంటారు, నేనైతే తప్పుపట్టను. మా శాండీ పక్కింటావిడ, ఆవిడకు ఆరుగురు, బజారు నుంచి వచ్చి గరాజ్‌లో కారు ఆపి ఇరవై నిమిషాలు దిగేది కాదు. ప్రార్థన చేసుకుంటోందనుకుని ఎంత గౌరవించానో! రెండేళ్ల తర్వాత తెలిసింది, నవల చదువుకుంటోందట. లోపలికి వస్తే ఎవరో ఒకరు అమ్మా అంటారు, కారులో ఐస్‌క్రీమ్ కరిగిపోతోందని తెలిసినా పేజీ పూర్తయ్యేదాకా కదలనని చెప్పింది. బడి ముందు కార్ల వరసలో పావుగంట, బట్టలు మడతపెడుతూ ఆడియో పుస్తకం, ఇలా పోగుచేస్తారు ఆ మూడు నాలుగు నవలలు. అందులో సగం తేలికైన ప్రేమకథలు కూడా అయ్యుంటాయి. నువ్వు వాటి సంఖ్యను చూసి, నీ ఆరువందల పేజీల తెలుగు నవలతో పోల్చుకోకు.

మన దగ్గరా ఈ విద్య ఉండేది. మధ్యాహ్నం అంట్లు తోమించి, రెండింటికి మా అమ్మ వారపత్రికతో నడుం వాల్చేది. ఆ గంటలో ఎవరైనా పిలిస్తే పలికేది కాదు. నచ్చిన సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి, ఏడాది చివర బైండు చేయించేది. అద్దె పుస్తకాల షాపుకు నన్ను పంపేది, రోజుకు పావలా. పెద్ద చదువులు లేని మనిషి. కానీ ఆ గంట తనదని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నీకెందుకు ఎవరో చెప్పాల్సి వస్తోంది?

మొదట బాబు పడుకున్నప్పుడు పావుగంట. గిన్నెలు సింకులో ఉంటే ఉండనీ. ఫోను వేరే గదిలో పెట్టు, ఎందుకంటే అలసిన వేలు పుస్తకం కన్నా ముందు రీల్స్ దగ్గరకు పోతుంది. కొత్తది కాకుండా ఇంతకు ముందు చదివి ఇష్టపడిన తెలుగు నవలతో మొదలుపెట్టు, మర్చిపోయిన దారి త్వరగా దొరుకుతుంది. తెలుగు కథల ఆడియోలు ఫోన్లో బోలెడు, పప్పు ఉడికేలోపు ఒకటి అయిపోతుంది. మీ ఊరి లైబ్రరీలో పసిపిల్లలకు కథలు చదివే సమయం ఉంటే బాబును తీసుకెళ్లు, అక్కడ నీలాంటి తల్లులు కనీసం ఇద్దరైనా దొరుకుతారు. పక్కింటావిడ బుక్ క్లబ్‌కు పిలిస్తే వెళ్లు. సగం మంది పుస్తకం పూర్తి చేయకుండానే వస్తారు, తినడానికి.

సోమవారం పిలుపు. ఈ ఆనవాయితీ 1915 నుంచి ఉంది. 1970లో సోమవారం అని ఖాయం చేశారు, ఆ సాయంత్రం చర్చి కార్యక్రమాలేవీ పెట్టరు. ఒక పాట, ఒక చిన్న పాఠం, ఒక ఆట, తర్వాత తీపి. మీ అత్తయ్యది ఉత్తి భయమని నేను అనను. తమ విశ్వాసం పదిమందికీ చెప్పడం వాళ్ల ధర్మంలో భాగమే, కుర్రాళ్లు రెండేళ్లు ఊళ్లు పట్టుకుని తిరిగేది అందుకే. మన హైదరాబాద్‌లోనే 2012లో వాళ్ల 'స్టేకు' ఏర్పడింది, అంటే కొన్ని వార్డుల సమూహం, దేశంలో అదే మొదటిది. కాబట్టి పిలుపు వెనక కాస్త ఆశ ఉండొచ్చు. కానీ బలవంతం నేను పదకొండేళ్లలో చూడలేదు. 'మీ ఇంటికి సంతోషంగా వస్తాం, మాకు మా పూజలు ఉన్నాయి, చర్చి పాఠాలు వద్దు' అని నవ్వుతూ ఒక్కసారి చెప్పు. మొహమాటపడి 'చూద్దాం' అంటే మాత్రం మరుసటి వారం తెల్లచొక్కా కుర్రాళ్లు ఇద్దరు గుమ్మంలో ఉంటారు. వాళ్ల డిక్షనరీలో 'చూద్దాం' అంటే అవునని.

వెళ్లి వచ్చాక ఆమెను ఒక సాయం అడుగు. శనివారం రెండు గంటలు బాబును చూస్తావా అని. అడగడం నీకు కష్టం, నాకు తెలుసు, నాకు మూడేళ్లు పట్టింది. కానీ ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకోవడం వాళ్లకు రోజూ ఉండే పనే, నువ్వు అడిగితే గౌరవం ఇచ్చినట్టు లెక్క. ఇంకో రోజు ఆమె ఐదుగురినీ మీ ఇంటికి పిలిచి దోసెలు వెయ్యి. సౌత్ జోర్డాన్‌లో గణేశుడి గుడి ఉంది, లీహై నుంచి దగ్గరే. అక్కడ మన తల్లులు కనబడతారు. నీకూ ఒక వార్డు కావాలి, దాని పేరు ఏదైనా సరే.

ఒకటి మాత్రం వాయిదా వేయకు. ఆ ఏడుపు రెండు వారాలకు మించి రోజూ వస్తున్నా, నిద్రా ఆకలీ చెడినా మీ డాక్టరుకు చెప్పు. పసిపిల్లల తల్లుల్లో ఇది చాలామందికి ఉంటుంది, మందు ఉంది. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే అమెరికాలోని 988 సహాయవాణికి ఫోన్ చెయ్యి, ఏ వేళైనా పలుకుతారు. మీవారికి ఈ ఉత్తరం చూపించు, 'నాకు రోజుకు ఒక గంట కావాలి' అని నోటితో చెప్పు. చెప్పకుండా తెలుసుకోవాలని నువ్వు, చెబితే చేద్దామని ఆయన, ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చుని ఉంటారు.

ఈసారి ఆమె వస్తే మజ్జిగ ఇవ్వు. అల్లం, కొత్తిమీర, కాస్త ఉప్పు. పచ్చిమిర్చి వద్దు. కరివేపాకు తాలింపు వేస్తే ఆకు నమలక్కర్లేదని ముందే చెప్పు. మా శాండీ ఆవిడ మొహమాటానికి గ్లాసులో ఒక్క ఆకు కూడా వదలకుండా తినేసింది, పాపం.